మంటి ఘటము పగిలినప్పుడు

ధ్యానభాగములు: 2 కొరింథీయులకు 4:7, లూకా 10:25–37



మేలు చేసిన మనుష్యుడు తరువాత తప్పిపోయినయెడల, అతడు చేసిన మేలును వ్యర్థమగునా? ఊరికి బడి కట్టించిన పెద్ద అప్పులపాలైనప్పుడు, జనులు బడి మాట మరచి అప్పు మాటనే చెప్పుకొందురు. ఇది న్యాయమేనా? రెడ్‌క్రాస్ సంస్థకు మూలపురుషుడైన హెన్రీ డునాంట్ జీవితమును ఈ ప్రశ్నతో చూతము.

ఆయన 1828లో స్విట్జర్లాండు దేశపు జెనీవా పట్టణమున, భక్తిగల ప్రొటెస్టెంటు కుటుంబమున పుట్టెను. 1859 జూన్‌లో వ్యాపారపు పనిమీద ఇటలీకి పోయి, సోల్ఫెరినో యుద్ధము జరిగిన నాటి సాయంకాలము చేరువనున్న కాస్తిల్యోనె ఊరు చేరెను. అక్కడ దేవాలయములలోను వీధులలోను గాయపడినవారు వేలకొలది దిక్కులేక పడియుండిరి. ఆయన వైద్యుడు కాడు. అయినను ఊరి స్త్రీలను కూడగట్టి, దాహమడిగినవారికి నీళ్లిచ్చి, గాయములు కడిగి కట్లు కట్టెను. వీరు మనవారు, వారు శత్రువులు అను భేదము చూడలేదు.

ఆ సంగతులను 1862లో పుస్తకముగా వ్రాసెను. 1863లో జెనీవాలో అయిదుగురి కమిటీ ఏర్పడగా, ఆయన అందులో ఒకడు. గాయపడిన సైనికుడు ఏ దేశస్థుడైనను అతనిని ఆదరింపవలెనను ఒడంబడికపై 1864లో పండ్రెండు రాజ్యములు సంతకము చేసినవి.

అయితే 1867లో ఆయన వ్యాపారము కూలిపోయెను. నమ్మి సొమ్ము పెట్టిన స్నేహితులు, బంధువులు నష్టపోయిరి. కమిటీలో స్థానము పోయెను. జెనీవా విడిచినవాడు మరల అక్కడికి తిరిగి రాలేదు. వెలిసిన కోటుకు సిరా పూసికొని, ఆకలితో తిరిగిన దినములు కలవు. 1892 మొదలు హైడెన్ అను గ్రామపు ఆసుపత్రిలో ఒక గదియే ఆయన ఇల్లు. 1901లో మొదటి నోబెల్ శాంతి బహుమానము ఆయనకును ఫ్రెడరిక్ పాస్సీ అను వానికిని కలిపి ఇచ్చిరి. ఆ సొమ్మును ఆయన తనకొరకు వాడుకొనలేదు. 1910లో మరణించినప్పుడు, ఆ ఆసుపత్రిలో బీదవారికొరకు ఒక ఉచిత మంచము ఏర్పాటుచేసి పోయెను.

ఇక్కడ రెండు పొరపాట్లకు తావున్నది. తప్పును చూచి మేలును కొట్టివేయుట మొదటిది. కాస్తిల్యోనెలో నీళ్లు త్రాగిన సైనికుని దాహము నిజముగానే తీరెను. తరువాతి అప్పు దానిని తిరిగి తేలేదు. మేలును చూచి తప్పును కప్పివేయుట రెండవది. సొమ్ము పోగొట్టుకొన్నవారి నష్టమును నిజమే. బహుమానము దానిని మాపలేదు. లేఖనములు దావీదు పాపమును దాచలేదు, అతని కీర్తనలను త్రోసివేయనులేదు. ఐశ్వర్యము దేవునిది, ఘటము మంటిది. ఈ రెండింటిని ఎరిగినవాడు మనుష్యుని పూజింపడు, పారవేయడు.

కావున మన సంఘములో ఒక సహోదరుడు అప్పులో గాని తప్పులో గాని పడినప్పుడు ఏమి చేయుదము? లెక్క అడుగుదము, అది న్యాయము. నష్టపోయినవారికి చెల్లింపుమందుము, జక్కయ్యయు చెల్లించెను గదా. అయితే ఆరాధనలో అతని చోటును ఖాళీగా ఉంచి, అతడు వచ్చువరకు కనిపెట్టుదము. గాయపడినవాడు ఎవడైనను మన పొరుగువాడే. తన చేతులారా గాయపరచుకొన్నవాడును అట్టివాడే. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక.