గొంగడి మీది నిద్ర



అమ్రాబాద్ పీఠభూమిలో చలికాలపు రాత్రి నల్లమల గాలి వణికిస్తుంది. మంద దగ్గర కాపలా పడుకునే గొల్ల కురుమలకు పరుపూ, దుప్పటీ, వానకు గొడుగూ అన్నీ ఒక్క గొంగడే. దక్కనీ గొర్రెల ఉన్నిని వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో అది బిరుసెక్కి, వాన చినుకును అంత తొందరగా లోపలికి రానివ్వదు. ఉన్ని పోగుల నడుమ చిక్కిన గాలి ఒంటి వేడిని పోనివ్వదు.

ఎండాకాలంలో నులక మంచం వాకిట్లో పడుతుంది. అల్లిక సందుల్లోంచి గాలాడి వీపుకు చెమట పట్టదు. నులక సాగితే కాళ్లవైపు తాడు బిగిస్తే చాలు. 14వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఇబ్న్ బతూతా, ఇక్కడి అల్లిక మంచాన్ని ఒక్క మనిషే మోసుకెళ్లవచ్చని, మెత్తదనానికి దానిమీద ఇంకేమీ అక్కర్లేదని మెచ్చుకున్నాడు.

మనమేమో పరుపు మందాన్ని బట్టి సుఖాన్ని కొలుస్తున్నాం. ఒంటికి కావలసింది కాలానికి తగ్గ పడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఎత్తు మంచమే మేలు. మిగతావాళ్లు కొత్త పరుపు బేరమాడే ముందు, ఇంట్లో ఉన్న బొంతనో, గోడకు నిలబెట్టిన నులక మంచాన్నో ఒక రాత్రి అడిగి చూడండి.