ఇసుక కింది నీళ్లు

మా అమ్మ చెలమ తోడే తీరు ఇప్పటికీ కళ్లముందుంది. ఎండాకాలం కృష్ణ పాయ ఎండిపోతే ఇసుకలో మూరెడు లోతు గుంట తీసేది. మొదట ఊరిన మురికినీళ్లను చిప్పతో తోడి పారబోసి, తేటనీళ్లు ఊరేదాకా పక్కనే కూర్చునేది. ఆ ఓపికనే నేను చాలాకాలం నీతి అనుకున్నాను.

కానీ మా చెలమలు ఎగువన ఉండేవి. మాలపల్లె ఆడవాళ్లు దిగువనే తవ్వుకోవాలి. ఇసుక కింద నీళ్లు ఒకటే, విడదీసింది మేమే. ఈ మాట రాయకుండా అమ్మ చెలమను తలుచుకుంటే అది సగం అబద్ధమే.

ఆ ఇసుక రేణువుల సందుల్లో ప్రాణులుంటాయని చాలా ఆలస్యంగా తెలిసింది. కళ్లులేని, రంగులేని, మిల్లీమీటరు కూడా ఉండని రొయ్యల దూరపు చుట్టాలు. నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి విజయవాడ దగ్గర కృష్ణలో దొరికిన మూడు కొత్త జాతుల గురించి 2001లో రాశారు. ఇసుకకు పట్టిన బాక్టీరియా పొరను ఇలాంటి జీవులు మేస్తాయి. నది పారేటప్పుడు ఇసుకలోకి ఇంకిన నీరే వేసవిలో చెలమలకూ, ఒడ్డున చెట్ల వేళ్లకూ, పక్క ఊళ్ల బావులకూ ఆధారం. ఇసుక తవ్వి ఏటి అడుగు దించితే ఆ నీటిమట్టమూ దిగిపోతుంది.

కనిపించని ఈ పనిని ఆడవాళ్ల ఇంటిచాకిరీతో పోల్చాలనిపించింది. ఆగాను. వండిపెడుతుంది, పిల్లల్ని కంటుంది కాబట్టి స్త్రీని గౌరవించాలన్న మాటను కాదన్నవాళ్లం కదా మనం? పనికొస్తేనే బతికే హక్కు అనే ఆ తర్కాన్ని ఈ జీవుల మీద ఎలా రుద్దుతాం? మన నీళ్లను శుభ్రం చేయకపోయినా వాటి చోటు వాటిదే కదా?

ఇలా అడిగే అర్హత నాకుందా? మా ఇంటికి నలభై ట్రాక్టర్ల ఇసుక తోలించాను. భూగర్భజలాల కోసం ఇసుక తవ్వకాన్ని కట్టడి చేసే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. నేను బిల్లు కూడా అడగలేదు, చౌకగా వచ్చిందని సంబరపడ్డాను.

"ఎక్కడి ఇసుకే ఇది?" అంది అమ్మ.

"మన ఏటిదేనమ్మా."

గుప్పెడు తీసి చూసి మళ్లీ కుప్పలోనే పోసింది. ఏమీ అనలేదు.

ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లల పోరు. నేనింకా సరేననలేదు.