వైద్యము దానమా, ఋణమా?

దేవుడొక్కడే తండ్రియనియు, మనుష్యులందఱును ఆయన బిడ్డలనియు ప్రతి ఆరాధనయందును మనము చెప్పుచున్నాము. ఆ మాటను నమ్మినవారము ఒక ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసియున్నది. పట్టణములోని బిడ్డకు జ్వరము వచ్చిన గడియలోనే వైద్యుడు దొరకుచుండగా, పాడేరు మన్యములో బాటలేని కొండపల్లెలనుండి నిండుచూలాలిని నేటికిని డోలీలో మోసికొని పోవలసివచ్చుట ఎవరి దోషము?

అది వారి కర్మమని కొందఱందురు. అట్లయినచో కొండదిగువను పుట్టినవారి కర్మమంతయు మంచిదై, కొండమీద పుట్టినవారిదంతయు చెడ్డదయ్యెనా? బాట వేయకుండుట మనుష్యుల పని. దానిని దైవముపై మోపుట దైవనింద.

అది ప్రభుత్వము చూచుకొనవలసిన పనియని మఱికొందఱందురు. సత్యమే. ధనము లేమిచేత ఎవ్వరికిని తగిన వైద్యము అందకపోరాదని సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను నడచిన సంఘము 1946లోనే చెప్పెను. మైదానములలో 5,000 మందికిని, కొండలలో 3,000 మందికిని ఒక ఆరోగ్య ఉపకేంద్రము ఉండవలెనను నియమమును కలదు. కాని ఆ 3,000 మంది అనేక పల్లెలలో చెదరియున్నచోట ఒక్క ఉపకేంద్రము ఎందఱికి దగ్గఱ? నియమమును పల్లెవఱకు నడిపించునది పౌరుల పట్టుదలయే.

మహారాష్ట్రములోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు పల్లెస్త్రీలకే శిక్షణమిచ్చి, ఇంటింటికి పోయి పురిటిబిడ్డలను కాపాడు పద్ధతి నేర్పిరి. 39 పల్లెలలో జరిగిన ఆ కృషివలన శిశువుల తొలి నెల మరణములు సగమునకు పైగా తగ్గినట్లు 1999లో ప్రకటింపబడెను. ఆ స్త్రీలు పెద్దచదువులు చదివినవారు కారు. వారి చేతులలో ఆ బిడ్డలు బ్రదికిరనగా, అంతకుముందు పోయిన ప్రాణములు కర్మమువలన పోయినవి కావు. మన ఉదాసీనతవలన పోయినవి.

దానము చేయనివానిని నిందింపరాకపోవచ్చును. ఋణము తీర్చనివాడు దోషియే. ప్రభుత్వ వైద్యకళాశాలలు అందఱి పన్నులతో నడచుచున్నవి. సంతలో సబ్బుబిళ్ల కొనిన కొండవాడును ఆ పన్ను చెల్లించుచునే యున్నాడు. అతని సొమ్ముతో చదివిన విద్య అతని గుమ్మము చేరకున్నచో, దానిని ఋణమనక మఱేమనవలెను?

కాబట్టి, సోదరులారా, వైద్యులైనవారు కొంతకాలమైనను పల్లెలో పని చేయుదురు గాక; బండి గలవారు రోగికి బండి నిత్తురు గాక; మాటాడగలవారు బాటకొఱకు అధికారులను విడువక అడుగుదురు గాక. డోలీ మోయువారి భుజములపై బరువు తగ్గింపని ప్రార్థన తండ్రి సన్నిధిని చేరునని మనము నమ్మజాలము.