భారమగుట అవమానమా?

వరద వచ్చిన తరువాత సామాను సర్దుకొనువాడు బుద్ధిమంతుడు కాడని గోదావరి గట్టున పుట్టి పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1986వ సంవత్సరపు వరదను చూచిన పోలవరపు పెద్దలును, 2022 జూలై వరదను చూచిన వారి మనుమలును దీని నెరుగుదురు. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే బియ్యపు మూటను అటకమీది కెక్కించవలెను. పట్టాలును పాసుపుస్తకములును గుడ్డలో చుట్టి పైన దాచవలెను. నీరు గుమ్మము దాటినయెడల ఎవరి యింటికి పోవలెనో ముందుగానే అడిగి యుంచుకొనవలెను. ఈ మూడింటిలో మొదటి రెండును మనము చేయుదుము. మూడవది మాత్రము చేయము. ఒకరి గుమ్మమున నిలిచి, "నాకు కష్టము వచ్చిన దినమున నన్ను చేర్చుకొందురా?" అని అడుగుటకు మనకు నోరు రాదు.

ఈ నోరు రాకపోవుటను గురించియే నేడు నీతో మాటలాడగోరుచున్నాను. ఇది వినయమా, లేక వినయము వస్త్రము కప్పుకొనిన గర్వమా?

నీవు పోలవరములో నివసించు ఒక ఉపాధ్యాయుడవనుకొనుము. ఏబది యేండ్లు నిండినవి. ఒకనాడు ఫోనును ఎడమ చెవి నొద్ద పెట్టగా మాట తెలియలేదు. కుడి చెవికి మార్చగానే స్పష్టముగా వినబడెను. ఫోను చెడిపోయెనని తలంచితివి. కొన్ని నెలలకు ఆ చెవిలో కీచురాయి కూసినట్లు ఎడతెగని మ్రోత మొదలాయెను. రేవు మెట్లు దిగునప్పుడు అడుగు తూలెను. నీ భార్య పోరగా పోరగా రాజమహేంద్రవరము వెళ్లి చూపించుకొంటివి. వినికిడి పరీక్షయు, పిమ్మట ఎం.ఆర్.ఐ. పరీక్షయు జరిగినవి. వైద్యుడు ఫిల్ము చూపించి, "ఇది అకౌస్టిక్ న్యూరోమా" అనెను.

కణితి అను మాట వినగానే నీ గుండె జారును. అయితే ఇది క్యాన్సరు కాదు, శరీరములో మరియొక చోటికి పాకునదియు కాదు. మెదడునుండి చెవికి పోవు ఎనిమిదవ నాడిలో వినికిడికి ఒక పాయయు, శరీరపు నిలకడకు ఒక పాయయు కలవు. నిలకడ పాయపై నుండు పొరలో ఈ కణితి పుట్టును. అది సాధారణముగా బహు మెల్లగా పెరుగును; కొందరిలో ఏండ్ల తరబడి పెరుగనే పెరుగదు. గనుక అందరికిని ఆపరేషను అక్కరలేదు. చిన్నదైనయెడల అప్పుడప్పుడు ఎం.ఆర్.ఐ. తీయించుచు కనిపెట్టుకొని యుండవచ్చును. కొందరికి రేడియేషను కిరణములను గురిపెట్టి దాని పెరుగుదలను ఆపుదురు. పెద్దదై మెదడు కాండమును ఒత్తునప్పుడు ఆపరేషను కావలసివచ్చును. నీది అట్టిదే యనుకొనుము.

ఆ కణితి ప్రక్కనే ఏడవ నాడి, అనగా ముఖమును కదలించు నాడి, దారమువలె సాగి యుండును. చిక్కంతయు అక్కడనే యున్నది. ఒకప్పుడు ఈ ఆపరేషను బల్లమీద అనేకులు మరణించుచుండిరి. అమెరికా వైద్యుడైన హార్వీ కుషింగ్ 1917లో ఈ కణితులను గూర్చి ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. కణితి నంతటిని పెరికివేయవలెనను పంతము మాని, లోపలి భాగమును తీసి, పై పొరను విడిచిపెట్టి అతడు అనేకుల ప్రాణములు కాపాడెను. 1960 తరువాతి యేండ్లలో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అను చెవి వైద్యుడు సూక్ష్మదర్శినితో చూచుచు ముఖనాడిని కాపాడు మార్గమును వృద్ధిచేసెను. మన దేశములో 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జాకబ్ చాండీ మొదటి నాడీ శస్త్రచికిత్సా విభాగమును ప్రారంభించెను. కాట్పాడి స్టేషనులో దిగి ఆ ఆసుపత్రికి పోయిన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. నేటికిని ముఖనాడికి అంటుకొనియున్న చిన్న ముక్కను తెలిసియే విడిచిపెట్టు శస్త్రవైద్యులున్నారు. కొంచెము విడిచిపెట్టుట ఓటమి కాదని ఎరిగిన చేతులు అవి.

ఇక నీ సంగతి చూతము. ఆపరేషను దినము నిర్ణయమైనది. ఇంటికి వచ్చి భార్యతో నీవు పలుకు మొదటి మాట ఏది? "ఎవరికిని చెప్పకు. మనము ఎవరికిని భారము కాకూడదు."

ప్రియ చదువరీ, ఈ మాటను కొంచెము ఆగి పరిశీలించుము. ఎవరికిని అనగా ఎవరు? తమ్ముడు, మేనల్లుడు, ప్రక్కింటివారు, తోటి ఉపాధ్యాయులు, సంఘస్థులు. వీరెవరికిని నీవు భారము కావు. మంచిదే. అయితే భారము లేకుండ పోయెనా? ఆసుపత్రిలో రాత్రులు మేలుకొనుట, మందుల షాపుకు పరుగెత్తుట, నీవు తూలిపడకుండ చేయి పట్టుకొనుట, వంట, డబ్బు, పిల్లల చదువు, నీ విసుగు. ఇదంతయు ఎక్కడికి పోయెను? ఒక్క స్త్రీ తలమీదికి పోయెను. "ఎవరికిని భారము కాను" అను మాటకు మన యిండ్లలో అర్థము "నా భార్యకు మాత్రమే భారమగుదును" అనియే. ఆమెను మనము లెక్కలో చేర్చలేదు. చేర్చకపోవుటను ఆత్మగౌరవమని పిలిచితిమి.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువు గలవాని నీవెరుగుదువు. అతనిని నలుగురు మోసికొని వచ్చి, ఇంటి కప్పు విప్పి, పరుపుతోకూడ దింపిరి. ఆ నలుగురి విశ్వాసమును గూర్చి మనము అనేక ప్రసంగములు వింటిమి. పరుపుమీద నున్నవానిని గూర్చి ఆలోచించువారు అరుదు. అతడు ఏమి చేసెను? మోయబడుటకు ఒప్పుకొనెను. ఊరివారందరు చూచుచుండగా, ఇంటి కప్పునుండి వ్రేలాడుటకు ఒప్పుకొనెను. పరుపునకు నాలుగు మూలలు, మూల కొకడు. ఒక్కడే మోయవలసివచ్చినయెడల వీధి చివరకైనను చేరియుండడు.

గనుక నీవు ఆసుపత్రికి పోవుటకు ముందు చేయవలసిన మొదటి పని ఆ నాలుగు మూలలకు నలుగురిని అడుగుట. ఆసుపత్రిలో రాత్రులు నీ ప్రక్కన ఉండుటకు మేనల్లుని అడుగుము. నీ భార్య నిద్రపోవుటకు వీలగునట్లు రెండు వారములు వచ్చి యుండుమని అక్కను అడుగుము. మధ్యాహ్నపు భోజనము సంగతి ప్రక్కింటి వదినగారితో నీవే చెప్పుము. నీ భార్యచేత చెప్పింపకుము. సాయంకాలము నీతో నడచుటకు ఒక స్నేహితుని అడుగుము. అడిగినప్పుడు ఇంత పని, ఇన్ని దినములు అని స్పష్టముగా అడుగుము. "ఏదైన ఉంటే చూడండి" అను మాట ఎవరికిని పని చూపదు.

రెండవ పని, భార్యతోకూడ కూర్చుండి శస్త్రవైద్యుని సూటిగా ప్రశ్నించుట. ఆ చెవి వినికిడి మిగులునా? ముఖము ఒక ప్రక్క బలహీనమగు అవకాశమెంత? తాను ఇట్టివి ఎన్ని చేసెను? భయపడునని ఆమెకు దాచకుము. రేపు వంకరపోవచ్చునన్న నవ్వు నీకు మాత్రమే చెందినది కాదు. ముప్పది యేండ్లుగా దానిని చూచుచున్నది ఆమె.

మూడవ పని ఇల్లు సర్దుట. మంచమును క్రింది గదిలోనికి దింపుము. మంచమునుండి మరుగుదొడ్డివరకు రాత్రంతయు దీపముండవలెను. ఏలయనగా నిలకడ నాడి పోయినవాడు చీకటిలో కన్నుల సహాయము కూడ కోల్పోవును. స్నానాలగదిలో పాచి గీకించి, గోడకు పట్టుకొను కమ్మీ ఒకటి బిగించి, కూర్చుండుటకు కుర్చీ వేయుము. ఎత్తైన గడపకు తెల్లరంగు వేయుము. ప్రతిదినము కావలసిన వస్తువులను రొమ్ము ఎత్తున పెట్టించుము. వంగుటయు, బరువులెత్తుటయు కొన్ని వారములు నీకు తగవు. నీళ్ల బిందె ముట్టవలదు. ఆసుపత్రి ఫోను నంబరును గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుము.

ఆపరేషను జరిగినది. కొన్ని దినములు ఆసుపత్రిలో గడిపి ఇంటికి వచ్చితివి. లోకమంతయు గోదావరిలో పడవవలె ఊగుచున్నట్లుండును. ఇచ్చట రెండు తప్పుదారులు నీకెదురగును.

మొదటిది, దాచుట. ముక్కునుండిగాని గాయమునుండిగాని నీటివంటి ద్రవము కారినయెడల, గొంతులో ఉప్పని రుచి తగిలినయెడల, జలుబని ఊరకుండకుము. అది మెదడు చుట్టునుండు నీరు కావచ్చును. జ్వరము, మెడ బిగిసికొనుట, తీవ్రమైన తలనొప్పి కలిగినను అదే మాట. అర్ధరాత్రియైనను లేపి చెప్పుము. "పాపము, పడుకొన్నది, తెల్లవారనిమ్ము" అనుకొనుట జాలివలె కనబడును. ఆ జాలి ఆమెను విధవరాలిని చేయగలదు. ముక్కు గట్టిగా చీదవలదు; తుమ్ము వచ్చినయెడల నోరు తెరచి తుమ్ముము. ముఖము బలహీనమై కన్ను మూతపడనియెడల, వైద్యుడు చెప్పినట్లు పగలు చుక్కల మందును, రాత్రి లేపనమును వేయించుకొని కన్ను మూయించుకొనుము. గట్టుమీది దుమ్మునుండి కాపాడుటకు కళ్లజోడు పెట్టుకొనుము. ఎండిపోయిన కన్ను నొప్పి తెలియకుండగనే చెడిపోవచ్చును.

రెండవది, పడియుండుట. తల తిరుగుచున్నదని మంచము దిగనివానికి నిలకడ త్వరగా రాదు. ఒక ప్రక్క నాడి పోయినప్పుడు మెదడు రెండవ ప్రక్క నాడితోను, కన్నులతోను, పాదముల స్పర్శతోను నిలుచుట మరల నేర్చుకొనును. అయితే అది కదలుచు, తూలుచు మాత్రమే నేర్చుకొనును. గోడమీద ఒక అక్షరము అంటించి, దానిమీద చూపు నిలిపి తలను అటునిటు త్రిప్పు అభ్యాసమును చికిత్సకులు నేర్పుదురు. తల తిరుగును, తిరిగినను చేయవలెను. మొదట గదిలో, పిమ్మట వాకిట, పిమ్మట వీధిలో నడువుము. నీ స్నేహితుడు ప్రక్కన నడువవలెనుగాని నిన్ను ఎత్తుకొని పోరాదు. పడబోయినప్పుడు పట్టుకొనుటకు మాత్రము అతడున్నాడు. మంచి సహాయమనగా ఇదియే. నీ పనిని నీనుండి తీసివేయక, నీవు దానిని చేయగలుగునంత దగ్గరగా నిలుచుట.

వారములు గడచుకొలది ఊగుట తగ్గును. అలసట మాత్రము నెలల తరబడి ఉండవచ్చును. వైద్యుడు చెప్పువరకు మోటారుసైకిలు ముట్టకుము. గోదావరిలో దిగి మునుగుట ఇకమీదట మానుకొనుము. నీటి క్రింద పైయేదో క్రిందయేదో తెలిపెడి నాడి ఒక ప్రక్క లేదు. పోయిన వినికిడి చాలమందికి తిరిగి రాదు. శబ్దము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియదు. బండి హారను విని తప్పు ప్రక్కకు తొలగవచ్చును. భోజనమునకు కూర్చుండునప్పుడు మంచి చెవి ప్రక్కన కూర్చుండుమని ఇంటివారికి చెప్పుము. చెవిటి ప్రక్కనుండి వారు పిలువగా నీవు పలుకకపోయినయెడల, అది కోపమో నిర్లక్ష్యమో యని వారు నొచ్చుకొందురు. ఇది కూడ అడుగవలసిన సహాయమే. రోజుకు పదిమారులు అడుగవలసివచ్చును. సిగ్గుపడకుము.

"మరి ఇతరులను విసిగించుట తప్పు కాదా?" అందువేమో. తప్పే. సహాయమును హక్కుగా ఎంచి, గంటకొక ఆజ్ఞ ఇచ్చి, కృతజ్ఞత లేక మూలుగువాడు పరుపు మోయువారి భుజములు విరుగగొట్టును. అడుగుటకు ధైర్యము ఎంత అవసరమో, నీవు చేయగల పనిని అడుగకుండుటకు నిజాయితీ అంతే అవసరము. కంటి చుక్కలు నీవే వేసికొనగలిగిన దినమున నీవే వేసికొనుము. అక్క ఇంటికి పోవలసిన దినము వచ్చినప్పుడు ఇంకొక వారము ఉండుమని పట్టుపట్టకుము.

ఆ పక్షవాయువు గలవాని కథకు ముగింపు చూడుము. నలుగురు మోసికొని వచ్చినవాడు, వెళ్లునప్పుడు తన పరుపును తానే ఎత్తుకొని వెళ్లెను. ముందు మోయబడుట, పిమ్మట మోయుట. ఈ వరుసలో మొదటిదానిని దాటి రెండవదానికి పోవుటకు అతనికి దారి లేకపోయెను. స్వస్థపడిన పిమ్మట ఇంకను ఎవరైన మోయవలెనని అతడు పరుపుమీదనే పండుకొని యుండనులేదు.

నీకు ఈ వ్యాధి ఎన్నడును రాకపోవచ్చును. రాకుండును గాక. అయితే ఏదో ఒక వరద ప్రతి గుమ్మమునకును వచ్చును. నేడు ఆకాశము నిర్మలముగా నున్నది. ఈ సాయంకాలము నీ యింటిలో ఇంతకాలము ఒక్కతెయై మోయుచున్న ఆమె ప్రక్కన కూర్చుండి, "నాకేమైన వచ్చినయెడల నీకు తోడుగా ఎవరెవరిని పిలువవలెను?" అని అడుగుము. ఆమె చెప్పు పేర్లను ఒక కాగితముమీద వ్రాసికొనుము. ఆ తరువాత వారి గుమ్మములకు నీవే వెళ్లి అడుగుము.