ఎప్పుడూ మర్చిపోని మనిషి కోసం కొన్న కారు

"తమ్ముడూ, ఈ ఊళ్ళో రియర్ వీల్ డ్రైవ్ కొన్నవాణ్ణి నిన్నే చూశా."

మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు సీనియర్ అయిన ఒకన్న, పార్కింగ్‌లో నా కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి అన్న మాట ఇది. మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్. న్యూయార్క్ అనగానే అందరికీ టైమ్స్ స్క్వేర్ గుర్తొస్తుంది గానీ, ఆ మహానగరం మాకు కారులో ఐదారు గంటల దూరం. మాకు ఉత్తరాన ఉన్నది అంటారియో సరస్సు. చలికాలం మొదట్లో కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి, ఇంకా చల్లారని ఆ నీళ్ళ మీదుగా వస్తూ తేమని మోసుకొచ్చి మా నెత్తిన మంచుగా దించేస్తుంది. ఏడాదికి సగటున దాదాపు 100 అంగుళాలు. అంటే ఎనిమిదడుగులు.

అలాంటి ఊళ్ళో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది 2017 మోడల్ బీఎండబ్ల్యూ 340ఐ. మూడు లీటర్ల టర్బో ఇంజను, వరసగా ఆరు సిలిండర్లు, 320 హార్స్ పవర్. ఆ బలమంతా వెనక రెండు చక్రాలకే వెళ్తుంది. ఇదే కారు నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే రకంలో కూడా దొరుకుతుంది. అది తెలిసే వద్దనుకున్నా.

ఎందుకు అంటే నా దగ్గర గొప్ప జవాబు లేదు. ముందు చక్రాలు తిరగడం ఒక్కటే పనిగా పెట్టుకుంటే, స్టీరింగ్ పట్టుకున్న చేతులకి రోడ్డు ఇంకాస్త బాగా తెలుస్తుంది. మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఎవరో నడుం మీద చెయ్యేసి ముందుకి తోసినట్టుంటుంది. చిన్నప్పుడు నాన్న చేతక్ స్కూటర్ మీద ముందు నించుని హ్యాండిల్ పట్టుకున్నప్పటి సంతోషానికీ దీనికీ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం. ఆనందం ఒక కారణం కాగలదా? కాగలదనే నేననుకుంటాను. అయితే అది ఎవరి ఖర్చు మీద అన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. మనకి 'మంచు' ఒక్కటే మాట. పొద్దున్నే పొలం మీద వాలేదీ మంచే, లంబసింగిలో జనం చూడ్డానికి వెళ్ళేదీ మంచే, హిమాలయాల మీదున్నదీ మంచే. ఇక్కడికొచ్చాక గానీ అవి వేరువేరు పదార్థాలని నా కాళ్ళకి తెలియలేదు. అప్పుడే పడిన పొడి మంచు, బండ్లు నలిపేసిన గట్టి మంచు, రాత్రి కరిగి తెల్లారేసరికి గాజులా గడ్డకట్టిన పల్చటి పొర. ఆఖరుది కంటికి కనపడదు. తడిసిన రోడ్డు అనుకుంటాం.

ఇంజనీరింగ్ లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. బ్రేకు వేశాక కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది వేగం వర్గాన్ని ఘర్షణతో భాగించడం మీద ఆధారపడుతుంది. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 12 మీటర్లలో ఆగుతుంది. నలిగిన మంచు మీద 0.2 అనుకుంటే 49 మీటర్లు పడుతుంది. గాజు మంచు మీద 0.1 అనుకుంటే దాదాపు 100 మీటర్లు. గమనించండి, ఈ లెక్కలో ఇంజను బలం ఏ చక్రాలకి వెళ్తుందన్న ప్రస్తావనే లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే కారు మంచులో తేలిగ్గా బయల్దేరుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగడంలో మాత్రం దానికి అదనపు వరమేమీ లేదు. ఆపేది టైరు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే వేసవి టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది. చలికాలపు టైర్ల రబ్బరు అప్పుడు కూడా మెత్తగానే ఉండి నేలని పట్టుకుంటుంది. వాటి మీద సన్నని కోతలు మంచుని కరిచిపట్టుకుంటాయి.

కొనేముందు ఇదంతా చదువుకున్నాను. నా బుర్రలో ఉన్న లాయరుకి ఇది చాలు. వాదన మొదలెట్టాడు. స్వీడన్‌లో మంచు తక్కువా? అక్కడ 1974 నుంచి 1993 దాకా తయారైన వోల్వో 240 వెనక చక్రాల బండే కదా, సంసారాలన్నీ దాంట్లోనే తిరిగాయి కదా? ఇక్కడ మాత్రం, ముందు చక్రాల బళ్ళు రాకముందు జనం డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని చలికాలాలు గడపలేదా? ఇప్పుడైతే 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ జారుడుని సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. పైగా అందరూ క్షేమం అనుకునే పెద్ద ఎస్‌యూవీలు ఎవరికి క్షేమం? బానెట్ 40 అంగుళాల కంటే ఎత్తున్న బళ్ళు గుద్దితే, తక్కువ ఎత్తులో వాలుగా ఉండే బానెట్ బళ్ళతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం దాకా ఎక్కువని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో లెక్కతేల్చింది. లోపలున్నవాడి భయం తీర్చడానికి బయటున్నవాడి ప్రాణం తాకట్టు పెట్టడం ఏం న్యాయం?

ఇవన్నీ నిజాలే. నన్ను ముంచింది కూడా అవి నిజాలు కావడమే. అబద్ధంతో సమర్థించుకుని ఉంటే ఎక్కడో ఒకచోట నాకే దొరికిపోయేవాణ్ణి.

చలికాలపు టైర్లు వేరే రిమ్ములతో సహా కొని అపార్ట్‌మెంట్ స్టోరేజీలో పెట్టాను. 'టైర్లు మారుస్తాను కాబట్టి ఈ కారు కొనొచ్చు.' ఇదీ నేను నాకు రాసిచ్చుకున్న ఒప్పందం. ప్రోగ్రామ్ రాసేవాణ్ణి కాబట్టి షరతు పెట్టి వదిలేయడం నాకు అలవాటే.

నవంబర్ మొదటి వారంలో మార్పిద్దాం అనుకున్నా. ఆ వారం రిలీజ్ ఉంది. రెండో వారం ఆన్-కాల్ నాది. వాతావరణం చూస్తే ఇంకా వెచ్చగానే ఉంది. మూడో వారం షాపుకి ఫోన్ చేస్తే పది రోజుల దాకా ఖాళీ లేదన్నారు. ఊరంతా అదే వారం గుర్తు తెచ్చుకుంది మరి. ఆ పది రోజుల్లో ఒక పొద్దున ఉష్ణోగ్రత సున్నాకి రెండు డిగ్రీలు కింద ఉంది. రోడ్డు మీద ముగ్గు పిండి చల్లినట్టు పల్చగా మంచు. ఇంతేగా అనుకుని బయల్దేరాను.

మా వీధి పల్లంగా దిగి నాలుగు రోడ్ల కూడలి దగ్గర స్టాప్ బోర్డుతో ఆగుతుంది. నెమ్మదిగానే వెళ్తున్నా. బ్రేకు తొక్కాను. పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంది, అంటే ఏబీఎస్ తన పని చేస్తోంది. కారు మాత్రం ఆగలేదు. తిరగలేదు, ఊగలేదు, తిన్నగా, చాలా మర్యాదగా జారుకుంటూ బోర్డు దాటి కూడలిలోకి వెళ్ళిపోయింది. కుడి పక్క పేవ్‌మెంట్ మీద ఒకావిడ, ఆరేడేళ్ళ పాప. పాప ఒక కాలు రోడ్డు మీద పెట్టింది. ఆవిడ పాప బ్యాగు పట్టీ పట్టుకుని వెనక్కి లాగింది. నేను వాళ్ళని దాటి రెండు కార్ల పొడవు దూరంలో ఆగాను.

ఆవిడ నావైపు చూసింది. ఏమీ అనలేదు. ఇద్దరూ నా కారు వెనక నుంచి రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను మొదట అన్న మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఇది రియర్ వీల్ డ్రైవ్ వల్ల కాదు తెలుసా? ఆ టైర్లతో ఏ కారైనా అలాగే జారేది." మా ఆవిడ చాలాసేపు ఊరుకుని, "ఆ పాపకి చెప్పు ఈ మాట," అంది.

థామస్ నేగెల్ 1976లో నైతిక అదృష్టం గురించి రాసిన వ్యాసంలో ఒక లారీ డ్రైవర్ ఉంటాడు. బ్రేకులు చూపించుకోవడంలో కాస్త అశ్రద్ధ చేస్తాడు. దారిలో పిల్లాడు అడ్డొస్తే జీవితాంతం తనని తాను తిట్టుకుంటాడు. రాకపోతే ఏమీ ఉండదు. అశ్రద్ధ రెండు చోట్లా అంతే. కాలేజీ అయ్యాక ఎప్పుడో చదివినప్పుడు అది నాకొక తెలివైన పజిల్ లాగా అనిపించింది. ఇప్పుడు కాదు. ఆవిడ చెయ్యి అర సెకను ఆలస్యమై ఉంటే నేను వేరే మనిషిని. నేను చేసిన పని మాత్రం ఇదే.

కానీ నాకు అసలు ముడి విప్పింది ఇంకో వ్యాసం. ఫ్రాంక్ జాక్సన్, రాబర్ట్ పార్గెటర్ 1986లో రాసిన దాంట్లో ప్రొఫెసర్ ప్రొక్రాస్టినేట్ అనే పాత్ర వస్తుంది. ఒక పుస్తకానికి సమీక్ష రాయమని ఆయన్ని అడుగుతారు. దానికి ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఒప్పుకుని రాస్తే అందరికీ మేలు. రాయగలడు కూడా, ఎవరూ అడ్డుపడరు. కానీ ఒప్పుకుంటే వాయిదాలు వేసి ఎప్పటికీ రాయడు, అది ఖాయం. ఆయన వద్దంటే వేరే ఎవరో ఓ మాదిరిగా అయినా రాస్తారు. మరి ఆయన ఒప్పుకోవాలా, వద్దా? (సమీక్ష రాస్తానని సంపాదకులకి మాటిచ్చి నెలలు తిప్పినవాళ్ళు ఇక్కడ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను.)

ఒక పక్షం అంటుంది: ఆయన రాయగలడు, కాబట్టి ఒప్పుకోవాలి, రాయాలి. రాయకపోవడం తర్వాత చేసే తప్పు. ఇంకో పక్షం అంటుంది: ఏం జరగబోతోందో తెలిసీ ఒప్పుకోవడమే తప్పు. ఇద్దరివీ బలమైన వాదనలే. నీ బద్ధకాన్ని నువ్వే ముందుగా సాక్ష్యంగా తెచ్చి బాధ్యత నుంచి తప్పించుకోవడం ఏమిటని మొదటి పక్షం అడిగితే జవాబు చెప్పడం కష్టం. 'నేనింతే' అనేవాణ్ణి ఎవరు ఒప్పుకుంటారు?

నా కథకి తెచ్చుకుంటే, చలికాలపు టైర్లు వేసిన 340ఐ ఈ ఊళ్ళో సబబైన ఎంపికే. ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను. కానీ నేను కొన్నది నాకోసం కాదు. తేదీలు మర్చిపోని, రిలీజులు లేని, పల్చటి మంచుని చూసి 'ఇంతేగా' అనుకోని ఒక మనిషి కోసం కొన్నాను. డబ్బులు కట్టింది, నడిపింది మాత్రం నేను.

మామూలు ఫ్యామిలీ కారు మామూలు ఆల్-సీజన్ టైర్లతో మనిషి మతిమరుపుకి కొంత చోటిస్తుంది. అందుకే దాన్ని నడపడం కొంచెం చప్పగా ఉంటుంది కూడా. వంతెన కట్టేవాడు లెక్కకి వచ్చిన బరువు కంటే ఎక్కువ మోసేలా కడతాడు. ఎవరో ఒకరు బరువు ఎక్కువ వేసుకొస్తారని వాడికి తెలుసు. ఆ అదనాన్ని సేఫ్టీ ఫ్యాక్టర్ అని రెండో సంవత్సరంలోనే చదువుకున్నాం. వేసవి టైర్లతో అమ్మకానికొచ్చిన బలమైన కారు కొన్నప్పుడు నేను ఆ అదనాన్ని నా సరదాకి వాడేసుకున్నాను. అది నా ఒక్కడి సొమ్ము కాదు. స్టాప్ బోర్డు దగ్గర నించున్న పాపకి కూడా అందులో వాటా ఉంది.

క్యుబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైర్లు చట్టం. ఇప్పుడైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా అవి లేకుండా కారు రోడ్డెక్కకూడదు. మొదట్లో నాకది పిల్లల్ని అదిలించినట్టు అనిపించేది. ఇప్పుడు మర్యాదగానే కనిపిస్తోంది. నువ్వు ఎవరివి కావాలనుకుంటున్నావని అది అడగడం లేదు. నువ్వెవరివో తెలిసే మాట్లాడుతోంది.

మా ఊళ్ళో అలాంటి చట్టం లేదు. కారు అమ్మేద్దామని రెండుసార్లు ప్రకటన రాసి చెరిపేశాను. చివరికి చేసిందేమిటంటే, ఏప్రిల్‌లో వేసవి టైర్లు వేయించిన రోజే షాపులో అక్టోబర్ చివరి వారానికి స్లాట్ రాయించి డబ్బు కట్టేశాను. అక్టోబర్ 31 దాటితే, టైర్లు మారేదాకా తాళం చెవి మా ఆవిడ దగ్గర ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళ మగాడు భార్యని తాళం చెవి అడుక్కోవడం చూడ్డానికి బాగోదు. బాగోకపోతే పోనీ. ఇది పూర్తి జవాబని కూడా అనను. ఫిబ్రవరిలో మంచి టైర్లతో కూడా అప్పుడప్పుడూ వెనక చక్రాలు ఒక్క క్షణం వదిలేస్తాయి. ఆ క్షణం నాకు భయమూ వేస్తుంది, ఇష్టంగానూ ఉంటుంది. ఆ ఇష్టాన్ని ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

ఈ సంగతంతా మొన్న ఆ అన్నకి చెప్పాను. "చూశావా, నేను ముందే చెప్పాగా," అంటాడనుకున్నా. అన్నాడు కూడా. "మాది ఆల్ వీల్ డ్రైవ్ తమ్ముడూ, ఆ బాధే లేదు."

"టైర్లు ఎప్పుడు మార్చావన్నా?"

ఆలోచించాడు. కారు కొన్నప్పుడు వచ్చినవే అన్నాడు. కొని ఐదేళ్ళయింది. ఇక్కడ టైరు అరుగుదల చూడ్డానికి పెన్నీ నాణేన్ని తలకిందులుగా టైరు గాడిలో పెడతారు. లింకన్ తల పైభాగం కనపడిందంటే ఆ టైరు పనైపోయినట్టే. జేబులో వెతికి ఒక పెన్నీ ఇచ్చాను. ఇద్దరం అతని ఎస్‌యూవీ ముందు చక్రం దగ్గర గొంతుక్కూచున్నాం.

లింకన్ జుట్టంతా కనిపించింది.