నరం పట్టేసింది అంటాం... ఏ నరం?



పోయిన నెల మొక్కు ఉండి అలిపిరి మెట్లెక్కాను. సుమారు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా హుషారే. మోకాళ్ల మెట్టు దగ్గరికొచ్చేసరికి ఎడమకాలి మడమ వెనక తాడులా ఉంటుంది చూడండి, అది బిగుసుకుపోయింది. మెట్లకి పసుపు రాస్తున్న ఓ పెద్దావిడ చూసి, "నరం పట్టేసింది నాయనా, కాసేపు కూర్చో" అంది. కూర్చోలేదు. స్వామి కోసం ఈ మాత్రం నొప్పి భరించలేనా అనుకున్నా. తర్వాత మూడు వారాలు కుంటాను.

ఇంట్లో పడి ఉన్నప్పుడు ఆ "నరం" ఏంటో వెతికాను. తెలుగులో మనకి రక్తనాళమూ నరమే, నెర్వూ నరమే, టెండనూ నరమే. సుశ్రుత సంహిత శారీరస్థానంలో మాత్రం దీనికి విడిగా పేరుంది: కండర. మన స్కూలు పుస్తకాల్లో కండరం అంటే మజిల్ కదా, అక్కడ మజిల్‌కి 'పేశి' అని వేరే మాట. కండరలు 16. కాళ్లకి 4, చేతులకి 4, మెడకి 4, వీపుకి 4. కాళ్లూ చేతుల్లో ఉన్నవాటి కొసన మొలిచినవే గోళ్లట! స్నాయువులు మొత్తం 900, వాటిలో గుండ్రంగా ఉండేవే ఈ కండరలు.

అక్కడే ఒక పోలిక ఉంది. చెక్కల్ని తాళ్లతో గట్టిగా కడితేనే పడవ నీళ్లమీద బరువు మోస్తుంది, కీళ్లని స్నాయువులు కట్టి ఉంచబట్టే మనిషి బరువు మోస్తాడు అని. ఎముక, పేశి, సిర, కీలు దెబ్బతిన్నా అంత ముప్పు లేదు, స్నాయువు దెబ్బతింటేనే ఎక్కువ అని కూడా అంటాడు సుశ్రుతుడు.

వివేకచూడామణిలో అదే స్నాయువు ఇంకోలా వస్తుంది. చర్మం, మాంసం, రక్తం, స్నాయువు, ఎముకలు... వీటి మూటే ఈ ఒళ్లు, దీన్ని 'నేను' అనుకోకు అని. మెట్ల మీద నేను పట్టుకున్నది ఈ ఒక్క మాటనే. అది అబద్ధం కాదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని నేను చేసింది మొండితనం. నిజం చెప్పాలంటే, పక్కవాళ్లు చూస్తున్నారన్న అహం కూడా. గీత 17వ అధ్యాయం 5, 6 శ్లోకాలు తీసి చూడండి. దంభంతో, అహంకారంతో ఒంటినీ, లోపలున్న తననీ హింసించే తపస్సు చేసేవాళ్లది అసుర స్వభావం అన్నాడు కృష్ణుడు. చదివి చాలాసేపు పుస్తకం మూయలేదు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నా, ఈసారి అమ్మతో. ఆవిడ యాభై మెట్లకోసారి కూర్చుంటుంది. నేనూ పక్కనే కూర్చుంటా.

గోవిందా గోవింద.