ఆ చేతిలోని సిలువ



సినిమా అయిపోయాక ఇంటిల్లిపాదీ వాదించుకున్న సందర్భాలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. "చివరికి అతను ఏమయినట్టు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా కథ ముగిస్తే మనకు తోచదు. మంచివాడో చెడ్డవాడో, గెలిచాడో ఓడాడో తేలిపోవాలి. అలా తేలని ఒక ముగింపును ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను. ఎందుకంటే, చావు ఇంటి అరుగు మీద కూర్చుని మనం మాట్లాడుకునే మాటలకూ ఆ ముగింపుకూ దగ్గర సంబంధం ఉంది.

ఆ చిత్రం పేరు "సైలెన్స్". 2016లో మార్టిన్ స్కోర్సీసీ తీశారు. జపాను దేశపు కతోలిక రచయిత షుసాకు ఎండో 1966లో ప్రచురించిన నవల దానికి ఆధారం. జపానుకు 1549లో సువార్తను తీసుకువెళ్లినవారు పునీత ఫ్రాన్సిస్ శౌరివారు. గోవాకు యాత్రగా వెళ్లి మనవారు దర్శించుకునే భౌతికకాయం ఆయనదే. తరువాత అక్కడ హింసలు మొదలయ్యాయి. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు. వారిలో ఒకరు మన దేశంలోని వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. ఆ 26 మందినీ 1862లో తిరుసభ పునీతులుగా ప్రకటించింది. వారి గతిని గురించి మనకు సందేహం లేదు.

ఎండో చెప్పిన కథ మాత్రం అలాంటి వేదసాక్షిది కాదు. రోడ్రిగ్స్ 17వ శతాబ్దపు యేసుసభ గురువు. జపానులో విశ్వాసం వదిలేశాడని వార్త వచ్చిన తన గురువు ఫెరీరాను వెదుక్కుంటూ వెళ్లి పట్టుబడతాడు. ఒక రాత్రి చెరసాలలో అతనికి గురక లాంటి శబ్దం వినిపిస్తుంది. అది గురక కాదు, గోతిలో తలక్రిందులుగా వేలాడదీసిన క్రైస్తవుల మూలుగు. ఆ పేదలు విశ్వాసాన్ని త్యజిస్తున్నామని అప్పటికే చెప్పేశారు. అయినా వారిని దించరు. క్రీస్తు ప్రతిమ ఉన్న పలకను గురువు కాలితో తొక్కితేనే దించుతారు. తొక్కమని క్రీస్తే అనుమతిస్తున్నట్టు రోడ్రిగ్స్‌కు ఒక స్వరం వినబడుతుంది. అతను తొక్కుతాడు. కోడి కూస్తుంది. పేతురుగారి కథ తెలిసిన మనకు ఆ కూత అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత అతను జపాను పేరుతో, వాళ్లు కట్టబెట్టిన భార్యతో, అధికారుల కాపలాలో ఏళ్ల తరబడి బతికి చనిపోతాడు. అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరుగుతాయి. గుండ్రని కొయ్య పేటికలో కూర్చోబెట్టిన శవానికి నిప్పు పెడతారు. అప్పుడు కెమెరా ఆ కొయ్యను దాటి, మంటను దాటి లోపలికి వెళుతుంది. అతని అరచేతిలో ఒక చిన్న మోటు సిలువ ఉంది. ఏనాడో వేదసాక్షిగా మరణించిన ఒక పల్లెటూరి విశ్వాసి అతనికి ఇచ్చిన సిలువ అది. చిత్రం అక్కడితో ముగుస్తుంది. ఈ చివరి దృశ్యం నవలలో లేదు, చిత్రంలో చేర్చినది.

మరి ఆ మనిషి ఏమయినట్టు? "లోలోపల విశ్వాసం నిలుపుకున్నాడు, రక్షణ పొందాడు" అని కొందరంటారు. "వేలమంది ప్రాణాలిచ్చిన విశ్వాసాన్ని కాలరాశాడు, చేతిలో కొయ్యముక్క ఉంటే సరిపోతుందా" అని మరికొందరంటారు. ఆ సిలువను దాచుకున్నది అతనా, ప్రేమకొద్దీ భార్య పెట్టిందా? ఆ స్వరం క్రీస్తుదా, అలసిన మనసుదా? చిత్రం తేల్చి చెప్పదు.

ఇక్కడ మూడు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. అతను చేసినది తప్పా? అతని హృదయంలో ఏముంది? ఇప్పుడు అతను ఎక్కడున్నాడు? మొదటి ప్రశ్న అడగడానికి మనకు హక్కుంది. విశ్వాసాన్ని పైకి నిరాకరించడం తప్పేనని తిరుసభ ఎప్పుడూ చెబుతూ వచ్చింది. ఆ మాట మెత్తబడితే వేదసాక్షుల రక్తానికి అర్థం లేదు. కాని మొదటి ప్రశ్నకు దొరికిన జవాబుతో మూడో ప్రశ్నను తేల్చేయడం మన పని కాదు. కార్యాన్ని తూచడం వేరు, ఆత్మ గతిని తీర్మానించడం వేరు.

నిరీక్షణకు విరుద్ధమైన పాపాలు రెండని పునీత తోమాసు అక్వినాస్ బోధించారు: ఒకటి నిరాశ, రెండోది మితిమీరిన ధీమా. పైన చెప్పిన రెండు తీర్పులూ ఇవే కదా! ఒకటి ఎదుటివాని తరఫున నిరాశ పడుతుంది, మరొకటి అతని తరఫున ధీమా పడుతుంది. రెండింటికీ ఒకే ఫలితం: అతని కోసం ప్రార్థన ఆగిపోతుంది. నరకంలో ఉన్నాడని తేల్చుకుంటే ప్రార్థన దండగ, మోక్షం చేరాడని తేల్చుకుంటే అవసరమే లేదు. అదే తోమాసుగారు మరో మాట కూడా చెప్పారు: ప్రేమతో మనతో ఏకమైనవారి కోసం మనం నిరీక్షించవచ్చు. అంటే ఒక మనిషి గతి గురించి సరిగ్గా మాట్లాడాలంటే ముందు అతన్ని ప్రేమించాలి.

చిత్రంలో ఆ సిలువను అధికారులు చూడలేదు, మనం మాత్రమే చూశాం. కంటికి కనిపించినదాన్ని బట్టి అతను విశ్వాసం వదిలినవాడుగానే చచ్చాడని వాళ్లు అనుకోవడంలో అబద్ధం లేదు. అయినా వాళ్లకు తెలిసింది సగమే. కొయ్యనూ మంటనూ దాటి చూసిన మనకే పూర్తిగా తెలియకపోతే, అలాంటి చూపు లేకుండా సమాధి దగ్గర నిలబడే మనం ఎంత జాగ్రత్తగా మాట్లాడాలి!

తిరుసభ జాగ్రత్త చూడండి. ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానావాడు నరకంలో ఉన్నాడని పేరుపెట్టి ఎన్నడూ ప్రకటించలేదు. విశ్వాసాన్ని బహిరంగంగా త్యజించినవారికి అంత్యక్రియలు నిరాకరించమనే 1983 నాటి ధర్మశాస్త్రమే, మరణానికి ముందు పశ్చాత్తాప సూచన ఏదైనా ఉంటే ఆ నియమం వర్తించదంటుంది. సందేహముంటే పీఠాధికారిని అడగమంటుంది. తమ ప్రాణం తామే తీసుకున్నవారి రక్షణ విషయంలో సైతం నిరాశ పడవద్దనీ, దేవునికి మాత్రమే తెలిసిన మార్గాలున్నాయనీ 1992 నాటి సత్యోపదేశం బోధిస్తుంది.

మన విచారణల్లో ఇరవై ఏళ్లు గుడి గడప తొక్కకుండా పోయినవారున్నారు. పురుగుల మందు తాగి పోయినవారున్నారు. వారి తల్లులు, భార్యలు, పిల్లలు ఆదివారం మన పక్క బల్ల మీదే కూర్చుంటారు. "ఎలా బతికాడో అలాగే పోయాడు" అనే ఒక్క మాట వారి గుండెలో ఏళ్లపాటు ముల్లులా ఉండిపోతుంది. "ఏం ఫరవాలేదు, దేవుని దగ్గరే ఉన్నాడు" అని తేలికగా అనే మాట కూడా వారి బాధను తీర్చదు, ఎందుకంటే అది మనకు తెలిసి చెప్పిన మాట కాదని వారికీ తెలుసు.

కాబట్టి ఈసారి అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు తీర్పు గాని భరోసా గాని చెప్పకండి. ఆ తల్లి పక్కన కూర్చుని, చనిపోయిన వ్యక్తి పేరు పలికి, ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి. అతని అరచేతిలో ఏముందో దేవుడు చూస్తాడు.